ఉప్పెన నేర్పిన పాఠాలు: బంగాళాఖాత తీరంలో తెలుగువారు, ఇరుగుపొరుగు సహకారం

రాష్ట్రాల సరిహద్దులు భాషను బట్టి గీసినవి. తుపాను ఆ గీతలను లెక్కచేయదు. ఆంధ్రప్రదేశ్‌కు ఉత్తరాన గంజాం నుంచి పూరీ, పారదీప్ వరకు ఒడిశా తీరంలో తెలుగు మాట్లాడే పల్లెకారుల వాడలున్నాయి. గోదావరి డెల్టాలో, నాలుగు వైపులా ఆంధ్ర జిల్లాల మధ్య, పుదుచ్చేరి పాలనకు చెందిన యానాం ఉన్నది. ఈ రెండుచోట్ల తెలుగువారి చరిత్ర చెప్పుకొనేటప్పుడు మనం సాధారణంగా వలసలు, జమీందారీలు, ఫ్రెంచి పాలన, బడులు, నాటకాలు ప్రస్తావిస్తాం. గాలివానల సంగతి ఒక వాక్యంతో సరిపెడతాం. నిజానికి ఈ తీరవాసుల జీవితాన్ని ఎన్నోసార్లు మొదటినుంచి మొదలుపెట్టించినది ఉప్పెనే.

ప్రకృతి వైపరీత్యాలను తట్టుకొనే శక్తి ఈ తీరానికి ఎలా వచ్చింది, ఏ పాఠం ఎవరి దగ్గర నేర్చుకొన్నది, ఏ పాఠం ఇంకా మిగిలి ఉన్నది అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. ఒక్క సంగతి ముందే మనవి చేస్తున్నాము. ఈ తీరంలో ఏ రాష్ట్రమూ, ఏ దేశమూ ఒంటరిగా నేర్చుకోలేదు. ఒక చోట పోయిన ప్రాణాలు మరొకచోట పాఠమయ్యాయి. అయితే హెచ్చరిక సరిహద్దు దాటడం ఒక పని, అది పల్లెవాడి గడప దాటడం మరొక పని. మొదటిది సాధించడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. రెండోది ఇప్పటికీ పూర్తి కాలేదు.

1. కోరంగి, యానాం: ఓడలకు మాత్రమే హెచ్చరిక

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు ప్రసిద్ధి. దాని పక్కనే ఫ్రెంచివారి యానాం, కొద్దిదూరంలో ఇంగ్లీషువారి ఇంజరం ఉండేవి. 18వ శతాబ్ది చివర ఈ ప్రాంతాన్ని రెండు తుపానులు వెంటవెంటనే దెబ్బతీశాయి. 1787 మే నెలలో వచ్చినది మొదటిది. అప్పుడు శామలకోటలో పనిచేస్తూ ఉండిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ తన గ్రంథాలను, సేకరణలను ఆ ముంపులో పోగొట్టుకొన్నాడు. అతడు రోజూ వాతావరణం లెక్కలు రాసి ఉంచే అలవాటున్నవాడు. రెండోది 1789 డిసెంబరులో వచ్చింది. మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి కోరంగిని ముంచెత్తినట్టు, సుమారు 20 వేలమంది మరణించినట్టు తరవాతి రచనలు చెబుతున్నాయి. 1839 నవంబరు 25న మరో ఉప్పెన వచ్చింది. యానాం కూడా అప్పుడు పాడయింది. ఈ 1839 ఉప్పెనలో 3 లక్షలమంది పోయారన్న అంకె చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. ఆనాటి కోరంగి పరిమాణాన్ని బట్టి చూస్తే ఈ అంకెను నమ్మడం కష్టం. పాత నష్టాల లెక్కలు ఒక రచన నుంచి మరో రచనకు ఎక్కేటప్పుడు పెరగడం మనం ఎరిగినదే. అంకె ఏదైనా, కోరంగి రేవు మళ్ళీ పూర్వస్థితికి రాలేదన్నది మాత్రం నిర్వివాదం.

కోరంగి ఉప్పెనలను గురించి రాసినవారిలో హెన్రీ పిడింగ్టన్ ముఖ్యుడు. అతడు కలకత్తాలో ఓడ ప్రమాదాలను విచారించే న్యాయస్థానానికి అధ్యక్షుడు. ఓడల దినచర్య పుస్తకాలను పోగుచేసి, ఈ గాలులు చుట్టలు చుట్టుకొని తిరుగుతాయని వివరించాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పదాన్ని కల్పించి, 1848లో అచ్చయిన తన నావికుల పుస్తకంలో వాడాడు. ప్రపంచమంతా వాడే ఈ పదం వెనుక కోరంగి వంటి రేవుల అనుభవం కూడా ఉన్నదని మన పాఠకులు గమనించవలె.

1864లో అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుపానులు ముంచాయి. మచిలీపట్నంలో సుమారు 30 వేలమంది మరణించారు. మరుసటి సంవత్సరం, 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరిక ఏర్పాటు మొదలయింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. తక్కిన రేవులకు హెచ్చరికలు విస్తరించేసరికి 1880లు వచ్చాయి. పగలు గుర్తులు, రాత్రి దీపాలు స్తంభానికి ఎత్తి ప్రమాద సూచికలు చూపించేవారు. ఇవి చూడవలసినవాడు ఓడ కెప్టెను. రేవుకు దూరంగా ఇసుక దిబ్బల మీద తాటాకు గుడిసెలలో ఉన్నవాడికి ఆ స్తంభం కనబడదు, కనబడినా దాని భాష తెలియదు. మూడో నంబరు, పదో నంబరు ప్రమాద సూచిక అనే మాటలు నేటికీ మన వార్తలలో వినబడుతూ ఉంటాయి. ఆ నంబర్లు ఓడల కోసం పుట్టినవి, మనుషుల కోసం కాదు. ఈ లోపం మన తీరంలో చాలా కాలం కొనసాగింది.

2. ఏడేళ్ళలో మూడు ఉప్పెనలు

1970 నుంచి 1977 వరకు గడిచిన కాలం ఈ తీరపు చరిత్రలో ఒక మలుపు. 1970 నవంబరు 12న నాటి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా ప్రాంతాన్ని తాకిన తుపానులో 3 లక్షలకు తక్కువ కాకుండా మరణించారు. 1971 అక్టోబరు చివర ఒడిశాలో పారదీప్ దగ్గర వచ్చిన తుపానులో మృతులు సుమారు 10 వేలు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో కూడా సుమారు 10 వేలు. సొర్లగొంది వంటి గ్రామాలు తెల్లవారేసరికి గ్రామాలుగా మిగలలేదు.

భోలా తరవాత జరిగిన పరిశీలనలో తేలిన సంగతి గమనార్హం. తుపాను వస్తున్నదని చాలామందికి తెలుసు. రేడియో చెప్పింది. అయినా గట్టి కట్టడాల్లోకి వెళ్ళినవారు బహు కొద్దిమంది. వెళ్ళడానికి కట్టడాలు లేవు, వెళ్ళమని చెప్పేవాడు పరాయివాడు, లోగడ చెప్పిన హెచ్చరిక నిజం కాలేదు. ఈ మూడు కారణాలనూ దృష్టిలో పెట్టుకొని, కొత్తగా ఏర్పడిన బంగ్లాదేశ్ రెడ్‌క్రాస్ సహాయంతో తుపాను సన్నాహ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఊరివారినే స్వచ్ఛంద సేవకులుగా ఎంచి, వారికి మైకు, చేతి సైరను, జెండాలు ఇచ్చారు. జెండాల సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదం దగ్గరైనట్టు. చదువు రానివాడికి కూడా ఇది అర్థమవుతుంది. చెప్పేవాడు తన ఊరివాడే కాబట్టి నమ్మకం ఉంటుంది.

ఈ ఏర్పాటు ఒక్కనాటిలో ఫలించలేదు. 1991 ఏప్రిల్ 29న చిట్టగాంగ్ తీరంలో మళ్ళీ లక్షా 38 వేలమంది మరణించారు. వారిలో స్త్రీలు, పిల్లలు ఎక్కువ. ఇల్లు, పశువులు వదిలి రాలేకపోవడం, మగవారితో కిక్కిరిసిన భవనంలో చోటు ఉండకపోవడం అందుకు కారణాలు. అప్పటినుంచి సేవకులలో స్త్రీలను చేర్చారు, భవనాలలో వారికి వేరు గదులు కట్టారు, పశువుల కోసం ఎత్తైన మట్టి దిబ్బలు పోశారు. 2007 నవంబరు 15న సిద్ర్ తుపాను వచ్చినప్పుడు మరణాలు సుమారు 3,400. అవి కూడా తక్కువ కావు. కాని పూర్వపు లక్షలతో పోల్చి చూస్తే మార్పు తెలుస్తుంది.

ఆంధ్ర తీరంలో దివిసీమ తరవాత తుపాను రక్షణ భవనాలు, తీరందాకా రోడ్లు, పక్కా ఇళ్ళు, సరుగుడు తోటలు వచ్చాయి. విశాఖపట్నంలో 1970లోనే తుపానులను కనిపెట్టే రాడారు ఏర్పడింది, తరవాత మచిలీపట్నానికి కూడా వచ్చింది. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు నేరుగా తీర మండలాలకు చేరే యంత్రాలు అమర్చారు. 1990 మే 9న కృష్ణా డెల్టాను దాదాపు అంతే బలమైన తుపాను తాకింది. లక్షలమందిని ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉన్నది. పదమూడేళ్ళలో పదింట ఒక వంతుకు తగ్గిందన్నమాట. తరలింపు సాధ్యమేనని, అది ప్రాణాలు నిలబెడుతుందని మన దేశంలో పెద్ద ఎత్తున రుజువైన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

ఇదే కాలంలో, 1972లో, ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆసియా ప్రాంతీయ ఆర్థిక సంఘం కలిసి ఉష్ణమండల తుపానుల మీద ఒక సంఘాన్ని ఏర్పాటు చేశాయి. భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, బర్మా, థాయిలాండ్ దానిలో తొలి సభ్యులు. ఇందులో కొన్ని దేశాలు అంతకు ముందు సంవత్సరమే యుద్ధం చేసుకొన్నవి. సరిహద్దు మీద తుపాకులు ఉండగానే వాయుపీడనం లెక్కలు మాత్రం ఇచ్చిపుచ్చుకొన్నారు. తరవాతి కాలంలో మాల్దీవులు, ఒమన్, యెమెన్, ఇరాన్, ఖతార్, సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ చేరి సభ్యుల సంఖ్య 13 అయింది. న్యూఢిల్లీ కేంద్రం ఈ దేశాలన్నిటికీ సూచనలు పంపుతున్నది.

తుపానులకు పేర్లు పెట్టే పద్ధతి కూడా ఈ సహకారం నుంచే వచ్చింది. 2004లో 8 దేశాలు ఎనిమిదేసి పేర్ల చొప్పున 64 పేర్ల జాబితాతో మొదలుపెట్టాయి. 2020లో 13 దేశాలు 169 పేర్లతో కొత్త జాబితా చేశాయి. మన తీరవాసుల నోట నానిన ఫైలిన్ థాయిలాండ్ పెట్టినది, హుద్‌హుద్ ఒమన్‌ది, తిత్లీ పాకిస్తాన్‌ది, ఫణి బంగ్లాదేశ్‌ది. పిడింగ్టన్ పాము చుట్టను చూసి కల్పించిన మాటకు, నూట డెబ్బై ఏళ్ళ తరవాత మన పొరుగు దేశం పాముపడగ పేరే ఇవ్వడం ఒక యాదృచ్ఛికం. పేరు పెట్టడం వల్ల సామాన్యుడికి జరిగిన మేలు ఏమిటంటే, నంబరుకు బదులు గుర్తుండే మాట దొరికింది.

3. 1996: నీటిమీద ఉన్నవారి సంగతి

1990లో గెలిచిన పద్ధతి 1996లో ఎందుకు ఓడింది? ఆ సంవత్సరం నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా, యానాం పరిసరాలలో, ఒక తుపాను తీరం దాటింది. అది చిన్న చుట్టు కలది, కాని త్వరత్వరగా బలపడింది. మరణాలు వెయ్యికి పైబడ్డాయి. గల్లంతైనవారు వేరు. కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. భైరవపాలెం వంటి గ్రామాలలో ఎన్నో ఇళ్ళు ఒకేసారి మగదిక్కు కోల్పోయాయి.

గుడిసెలో ఉన్నవాణ్ణి భవనానికి తరలించడానికి అప్పటికి ఏర్పాట్లున్నాయి. పడవ మీద ఉన్నవాడికి చెప్పడానికి లేవు. మరపడవలు వచ్చిన తరవాత వేట రోజుల తరబడి సాగుతున్నది. తీరం నుంచి పిలిచే సాధనం లేదు. పడవ మునిగిన చోట ఎందరున్నారో చెప్పే లెక్క కూడా లేదు. ఈ చివరి లోపం బతికినవారి మీద పడింది. శవం దొరకని మనిషి చనిపోయినట్టు కాగితం పుట్టదు, కాగితం లేకపోతే సహాయం రాదు. పడవ ఎక్కేవారి పేర్లు ఒడ్డున నమోదు చేయడమన్నది ఎంత చిన్న పనో, లేకపోతే ఎంత పెద్ద కష్టమో అటువంటి ఊళ్ళు చెబుతాయి.

విచారించవలసినదేమంటే, ఇదే పాఠాన్ని 21 ఏళ్ళ తరవాత పశ్చిమం వైపు మళ్ళీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. 2017 నవంబరు 30న ఓఖీ తుపాను కన్యాకుమారి దగ్గర అతి త్వరగా బలపడి, సముద్రం మీద ఉన్న తమిళ, మలయాళ జాలరులను వందల సంఖ్యలో బలిగొన్నది. గోదావరి మొగలో జరిగినది కన్యాకుమారికి పాఠంగా చేరలేదు. ఆ తరవాతనే, 2019లో, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందుకొనే 'జెమిని' పరికరాన్ని తెచ్చింది. అది ఒకవైపు మాత్రమే మాట అందించేది. పడవ నుంచి కూడా మాట పంపగల పరికరాలు తరవాత వచ్చాయి.

యానాం విషయంలో మరో చిక్కు ఉన్నది. 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన ఈ ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. రాజధాని 800 కిలోమీటర్లకు పైగా దూరం, కాకినాడ 30 కిలోమీటర్లు. తుపాను వచ్చిన రాత్రి దారి, ఆసుపత్రి అన్నీ పొరుగు జిల్లాతోనే ముడిపడి ఉంటాయి. ఈ విషయంలో వాతావరణ శాఖ పాలకుల కంటే ముందున్నదనాలి. దాని విభాగాలలో పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడుతో కలిసి ఉంటాయి. యానాం మాత్రం 'కోస్తా ఆంధ్ర, యానాం' అని ఆంధ్ర తీరంతో కలిసి ఉంటుంది. గాలి ఎటు వీస్తే అటు లెక్కగట్టారు. సహాయం, నష్టపరిహారం మాత్రం రెండు ప్రభుత్వాల నిర్ణయాలు. ఒకే గాలికి పడిన రెండు పక్క ఇళ్ళకు రెండు రకాల పరిహారం రావచ్చు. ఈ చిక్కు తొలగాలంటే ముందస్తు ఒప్పందాలు కావాలి, తుపాను వచ్చిన తరవాత ఉత్తరాలు రాసుకొంటే చాలదు.

4. ఒడిశా తీరపు తెలుగు వాడలు

గంజాం జిల్లా తీరం వెంట వెళ్ళితే ఊరి పేర్లే కథ చెబుతాయి. ఆర్జిపల్లి, పొడంపేట, వెంకటరాయపూర్ మొదలైనవి. పల్లి, పేట చివర వచ్చే ఈ పేర్లు తెలుగు పల్లెకారులు దక్షిణాన్నుంచి తీరం వెంబడి జరిగి వచ్చిన ఆనవాళ్ళు. ఒడియా వారు వీరిని నోలియాలంటారు. పూరీలో సముద్రం ఒడ్డున ఉన్న పెంటకోట వాడ వీరి పెద్ద నివాసాలలో ఒకటి. ఇంట్లో తెలుగు, బజారులో, కచేరీలో ఒడియా, ఇదీ వారి వాడుక.

1999 అక్టోబరులో ఒడిశాను పన్నెండు రోజుల తేడాలో రెండు తుపానులు తాకాయి. 17న గోపాల్‌పూర్ ప్రాంతాన్ని తాకినదాని నష్టం లెక్కగట్టడం పూర్తికాక ముందే, 29న పారదీప్ దగ్గర మహాతుపాను వచ్చింది. అధికార లెక్కల ప్రకారం సుమారు 10 వేలమంది మరణించారు. జగత్‌సింగ్‌పూర్ జిల్లా అందరికంటే ఎక్కువ నష్టపోయింది. దివిసీమ జరిగి 22 ఏళ్ళు, బంగ్లాదేశ్‌లో జెండాలు ఎత్తడం మొదలై సుమారు పాతికేళ్ళు గడిచాయి. అయినా ఒడిశా తీరమంతటికీ కలిపి రెడ్‌క్రాస్ కట్టించిన రక్షణ భవనాలు ఇరవై పైచిలుకు మాత్రమే ఉండేవి. వాటిలోకి చేరినవారు బతికారు. పొరుగువారి పాఠం తెలిసి ఉండడానికీ, దాన్ని ఇటుకగా మార్చుకోవడానికీ మధ్య దూరం ఎంతో ఇక్కడ చూస్తాం.

ఆ సంవత్సరం డిసెంబరులోనే ఒడిశా ప్రభుత్వం వైపరీత్యాల నిర్వహణకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. దేశంలో ఇటువంటి రాష్ట్ర సంస్థలలో అది మొదటిది. 2001లో శిక్షణ పొందిన సహాయ దళం వచ్చింది. తరవాత ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలు రెండూ ప్రపంచబ్యాంకు ఋణంతో జాతీయ తుపాను పథకం మొదటి దశలో కలిసి చేరాయి. భవనాలు, వాటికి వెళ్ళే రోడ్లు, కరకట్టలు ఆ పథకంలో కట్టారు. ఆ అనుభవంతో రెండో దశ మహారాష్ట్ర, కర్ణాటక మొదలైన రాష్ట్రాలకు విస్తరించింది. ఆంధ్రలో 1977 తరవాత కట్టిన భవనాలలో చాలా వాటిని తుపాను లేని రోజుల్లో వాడక, పట్టించుకోక పాడుపెట్టారు. కొత్త భవనాలను బడిగానో, సభాస్థలంగానో వాడేటట్టు కట్టడం, వాటి తాళం ఊరి కమిటీ చేతిలో ఉంచడం ఆ తప్పు నుంచి నేర్చుకొన్న పాఠం.

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దాదాపు 10 లక్షలమందిని అంతకు ముందే తరలించారు. ఒడిశాలో మరణాలు యాభైకి లోపే. వీటిలో కొన్ని తరవాతి వరదల వల్ల జరిగినవి. 2019 మే 3న ఫణి పూరీని తాకినప్పుడు 12 లక్షలమందిని కదిలించారు. మరణాలు 64. కూలిన విద్యుత్ స్తంభాలను తిరిగి నిలబెట్టడానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి విద్యుత్ సిబ్బంది వెళ్ళారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ ఊడ్చివేసింది. చీకట్లో ఉన్న నగరమంటే ఏమిటో వారు అంతకు అయిదేళ్ళ ముందే చూసినవారు.

ఈ విజయంలో తెలుగు వాడల పాత్రను ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. తరలింపు ఆజ్ఞ కచేరీ భాషలో వస్తుంది. ముసలివారికి, ఇల్లు కదలని స్త్రీలకు అది ఇంటి భాషలో చెప్పేవారు కావాలి. కులపెద్దలు, రెండు భాషలూ చదివిన యువకులు ఈ పని చేయగలరు. బంగ్లాదేశ్‌లో ఊరి సేవకుడు చేసినదీ ఇదే. ఒడిశాలోని గంజాం జిల్లా వెంకటరాయపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి అనే రెండు గ్రామాలను 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం 'సునామీకి సిద్ధమైన' గ్రామాలుగా గుర్తించింది. నోలియాసాహి అంటే నోలియాల వాడ అని అర్థం. మన దేశంలో ఈ గుర్తింపు పొందిన మొదటి ఊళ్ళు ఇవే. తరవాత మరికొన్ని ఒడిశా గ్రామాలు చేరాయి. ముంపు పటం గీయడం, తప్పుకొనే దారులకు బోర్డులు పెట్టడం, ఏటా జనంతో అభ్యాసం చేయించడం, పగలు రాత్రి హెచ్చరిక అందుకొనే మనుషులను నియమించడం ఈ గుర్తింపుకు నియమాలు. ఇవేవీ డబ్బుతో మాత్రమే జరిగేవి కావు. 2004 డిసెంబరు 26 సునామీ నాటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక కేంద్రమే లేదు. 2007లో హైదరాబాదులో కేంద్రం ఏర్పడి, ఇండొనేషియా, ఆస్ట్రేలియాలతో పాటు ఈ సముద్ర దేశాలన్నిటికీ సూచనలు పంపే బాధ్యత తీసుకొన్నది. హైదరాబాదులో పుట్టిన సూచన గంజాం తెలుగు వాడకు చేరి, అక్కడి ముసలమ్మను లేపి నడిపించినప్పుడే ఆ కేంద్రం పని పూర్తయినట్టు.

5. హెచ్చరిక చేరి ఆగిపోయిన చోటు: ఐరావతి డెల్టా

కోరంగి పేరు సముద్రం దాటి బర్మాకు చేరింది. అక్కడికి పనికోసం వెళ్ళిన తెలుగువారిని ఆ రేవు పేరు మీదనే 'కోరంగీలు' అని పిలిచేవారు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల నుంచి రంగూనుకు సాగిన ఆ ప్రయాణాలు మన పాఠకులకు తెలిసినవే. ఐరావతి డెల్టా మన గోదావరి డెల్టాకు అన్ని విధాల తోబుట్టువు వంటిది. పల్లపు నేల, వరి, మడ అడవులు, కాలువలు అన్నీ ఉన్నాయి.

2008 మే 2న నర్గీస్ తుపాను ఆ డెల్టాను ముంచింది. మరణించినవారు, గల్లంతైనవారు కలిసి లక్షా 38 వేలు. న్యూఢిల్లీ కేంద్రం 48 గంటల ముందే ఆ దేశ ప్రభుత్వాన్ని హెచ్చరించింది. 1972లో మొదలైన సహకారం తన వంతు పని చేసింది. హెచ్చరిక రాజధానికి చేరింది, ఊళ్ళకు అవసరమైన రూపంలో చేరలేదు. చేరినా వెళ్ళడానికి ఎత్తైన భవనాలు లేవు. దేశాల మధ్య సహకారం ఎంత అవసరమో, దానికదే ఎంత అసంపూర్ణమో చూపడానికి ఇంతకంటే కఠినమైన ఉదాహరణ లేదు.

మడ అడవులకు సంబంధించిన మాట కూడా ఇక్కడ చెప్పాలి. ఒడిశా కేంద్రపాడా జిల్లాలో 1999 తుపాను మరణాలను గ్రామాల వారీగా పోల్చి 2009లో ప్రచురించిన అధ్యయనం, ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తక్కువని తేల్చింది. అయితే ఎక్కువ ప్రాణాలు కాపాడినది ముందస్తు తరలింపేనని కూడా అది చెప్పింది. యానాం పక్కనే ఉన్న కోరంగి మడ అడవిని ఈ దృష్టితో కూడా చూడవలె.

6. కొండవైపు చూడని చూపు

ఈ విజయాల వరుసలో ఒక లోపాన్ని దాచకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు కూలాయి. తీరంలో తరలింపు జరిగింది. తుపాను కొండలెక్కి ఒడిశా గజపతి జిల్లాలోకి వెళ్ళి కుంభవృష్టి కురిపించింది. తెలుగు, ఒడియా, సవర భాషలు కలిసి వినబడే పర్లాకిమిడి ప్రాంతం ఇది. బారఘర అనే కొండ గ్రామంలో రాతి గుహలో తలదాచుకొన్నవారి మీద కొండచరియ విరిగిపడి పదిహేనుమందికి పైగా మరణించారు. ఒడిశాలో ఈ తుపాను మరణాలు తీరం కంటే లోపలనే ఎక్కువ. అక్కడ కురిసిన వాన వంశధార, మహేంద్రతనయల గుండా తిరిగి శ్రీకాకుళం మీదికే వరదగా వచ్చింది.

తుపానంటే సముద్రం వైపు చూడడమే అలవాటయిన మన ఏర్పాట్లకు ఇది మందలింపు. పైనున్న రాష్ట్రంలో ఎంత వాన పడిందో కిందనున్న రాష్ట్రానికి గంటగంటకూ తెలియాలి. దేశాల మధ్య వాయుపీడనం లెక్కలు మారిన యాభై ఏళ్ళ తరవాత కూడా, పక్క జిల్లాల మధ్య నది లెక్కలు ఆలస్యమైతే మనం నేర్చుకొన్నది సగమే అవుతుంది.

ముగింపు

ఇంతవరకు చూసినదానిని సంగ్రహిస్తే నాలుగు మాటలు తేలుతాయి. ఒకటి, ఈ తీరంలో మరణాలు తగ్గినది ఒక్క శాస్త్రం వల్ల కాదు, శాస్త్రాన్ని ఊరి మాటగా మార్చిన మనుషుల వల్ల. రెండు, పాఠం పొరుగునుంచి పొరుగుకు వెళ్ళడానికి ఇరవై ఏళ్ళు పట్టినప్పుడల్లా మరో పదివేలమంది దాని వెల చెల్లించారు. మూడు, నీటిమీద ఉన్నవారు, కొండమీద ఉన్నవారు ఇప్పటికీ చివరి వరుసలోనే ఉన్నారు. నాలుగు, ప్రాణం నిలిచినంత మాత్రాన బతుకు నిలిచినట్టు కాదు. ఋషికుల్య మొగ దగ్గరి పొడంపేట వంటి ఊళ్ళను సముద్రపు కోత తుపాను లేని రోజుల్లో కూడా తింటున్నది. వల, పడవ పోయినవాడు తిరిగి వేటకు వెళ్ళేదాకా పునరావాసం పూర్తయినట్టు లెక్కించకూడదు.

రెండు రాష్ట్రాల మధ్య, రెండు భాషల మధ్య బతికే తెలుగువారిని మనం తరచు 'అంచున ఉన్నవారు' అని జాలిగా తలుస్తాం. తుపాను వేళ వారే రెండు వైపులా మాట చేరవేయగల మనుషులు. హెచ్చరికలు ఒడియాతో పాటు తెలుగులో కూడా ఆ వాడలకు చేర్చడం, కోరంగి నుంచి పూరీ వరకు పల్లెపెద్దల జ్ఞాపకాలను వారు ఉండగానే రాసి ఉంచడం మన వంటి అధ్యయన పీఠాలు చేయదగిన పనులు. 1839లో కోరంగిలో ఎంతమంది పోయారో నేడు మనం సరిగా చెప్పలేకపోతున్నాం. 1996లో సముద్రం మీద పోయినవారి లెక్క కూడా రేపటికి అలాగే మిగలకుండా చూడడం మన బాధ్యత.